హెక్సేన్‌కు చట్టం జాబితాలో అంకె లేకపోతే పనివాళ్లకు పరిమితి ఎలా పెట్టాలి

తమ్మీ, నీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు రాస్తాను. మనలాగే చదవబోయే మిగతావాళ్లకూ తెలియాలి. నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో హెక్సేన్ అనే సాల్వెంట్‌తో సోయా నుంచి నూనె తీసే ఒక ప్లాంట్‌లో నువ్వు షిఫ్ట్ ఇన్‌చార్జివి. సీజన్‌లో పన్నెండు గంటల షిఫ్ట్, వారానికి ఆరు రోజులు. ఫ్యాక్టరీల చట్టం జాబితాలో వెతికితే హెక్సేన్ కనబడలేదు. సాల్వెంట్ అమ్మినవాళ్లు ఇచ్చిన భద్రతా పత్రంలో ఒక వరుసలో 500 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 500 వంతులు), ఇంకో వరుసలో 50 పీపీఎం అని ఉంది. మేనేజర్‌ను అడిగితే పేలుడు ప్రమాదాన్ని పసిగట్టే ఎల్ఈఎల్ మీటర్ ఎప్పుడూ మోగలేదు కదా అంటున్నాడు. ఈలోపు డీటీ (నూనె తీసిన పిండిలో మిగిలిన సాల్వెంట్‌ను ఆవిరితో తోలే యంత్రం) దగ్గర పనిచేసే ఇద్దరు పాదాలు తిమ్మిర్లంటున్నారు. ఒకతనికి నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఏ అంకెను పరిమితిగా పెట్టాలని నీ ప్రశ్న.

అంకె సంగతికి వస్తాను. దానికంటే ముందు ఆ ఇద్దరినీ రేపటి షిఫ్ట్ నుంచే సాల్వెంట్ లేని చోటికి మార్చు. విత్తనాల గోదాం, కాంటా, ఆఫీసు, ఏదైనా సరే. కూలి తగ్గకుండా మార్చు, లేకపోతే మూడో వాడు తన తిమ్మిర్లు నీకు చెప్పడు. హెక్సేన్ వల్ల నరాలు దెబ్బతింటే ఒక చెడ్డ లక్షణం ఉంటుంది. మనిషి పని మానేసిన తర్వాత కూడా రెండు మూడు నెలలపాటు జబ్బు ముదురుతూనే ఉంటుంది. కొలతలు వచ్చేదాకా ఆగుదాం అనుకుంటే ఆ ఆగిన రోజులు కూడా వాళ్ల కాళ్ల మీదే పడతాయి. తొందరగా బయటికి తెస్తే చాలామందికి నెలల్లో, ఏడాదిలో తగ్గిపోతుంది. కండరాలు చిక్కి, పాదం పైకి లేవని దశ దాకా పోతే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

డాక్టర్ దగ్గరికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టు. ‘ఎన్-హెక్సేన్ సాల్వెంట్‌తో పని, రోజుకు ఇన్ని గంటలు, ఇన్ని నెలలుగా’ అని రాసి ఇవ్వు. మనవాళ్లు డాక్టర్‌తో ‘సోయా మిల్లులో పని’ అని మాత్రమే చెప్తారు. సోయా మిల్లు అంటే ఆయనకు దుమ్ము గుర్తొస్తుంది, హెక్సేన్ కాదు. షుగర్ పరీక్ష చేస్తారు, బీ-12 సూదులు రాస్తారు. ఈ ప్రాంతంలో కుష్టు అనుమానం కూడా వస్తుంది. అవన్నీ చూడవలసినవే, వద్దనను. కానీ హెక్సేన్ దెబ్బ రెండు పాదాల్లో సమానంగా, వేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. కుష్టులోలాగా ఒక మచ్చ దగ్గర మాత్రమే స్పర్శ పోవడం ఉండదు. న్యూరాలజీ డాక్టర్ ఉన్నచోట, నాందేడ్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా, నరాల వేగం పరీక్ష చేయించు. ప్లాంట్‌లో ఏటా జరిగే ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగర్, ఛాతీ ఎక్స్‌రే చూసి పంపిస్తారు. ఈ జబ్బు ఆ మూడింట్లో దేనిలోనూ కనబడదు.

ఇప్పుడు ఆ కాగితంలో రెండు అంకెలు ఎందుకున్నాయో చూద్దాం. 500 అనేది అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టిన చట్టబద్ధ పరిమితి. అది 1968 నాటి పాత జాబితా నుంచి 1971లో తీసుకున్నది. 1989లో ఓషాయే దాన్ని 50కి తగ్గించింది. ఆ ఏడాది వందలాది రసాయనాల పరిమితులను ఒక్కసారిగా మార్చడం చెల్లదని 1992లో కోర్టు కొట్టేయడంతో పాత 500 మళ్లీ వచ్చి కూర్చుంది. అంటే 500 సురక్షితమని ఎవరో కొత్తగా తేల్చిన అంకె కాదు, వ్యాజ్యంలో మిగిలిపోయిన అంకె. 50 అనేది అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ చెప్పేది. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ నయోష్ కూడా అదే చెబుతుంది. నీ కాగితంలో లేనిది ఇంకొకటుంది. యూరప్ 2006లో ఎన్-హెక్సేన్‌కు 20 పీపీఎం సూచించింది. ఓషా, ఏసీజీఐహెచ్, యూరప్ అంకెలు మూడూ ఎనిమిది గంటల సగటులే, నయోష్‌ది పది గంటల దాకా షిఫ్ట్‌కు.

మన దేశంలో ఫ్యాక్టరీల చట్టానికి 1987లో, భోపాల్ తర్వాత, 41-ఎఫ్ సెక్షన్, దాంతో రెండో షెడ్యూల్ (పనిచోట గాలిలో రసాయనాల పరిమితుల జాబితా) చేర్చారు. 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. అమ్మోనియా, బెంజీన్, క్లోరిన్, టోలుయిన్ లాంటివి ఆ షెడ్యూల్‌లో ఉండేవి, ఎన్-హెక్సేన్ ఉండేది కాదు. జాబితాలో లేదంటే అంకె పెట్టలేదని మాత్రమే అర్థం, హాని లేదని కాదు. పనివాళ్ల ఆరోగ్యం కాపాడవలసిన బాధ్యత జాబితాతో సంబంధం లేకుండా యాజమాన్యానిదే. జాబితా మౌనంగా ఉన్నచోట యాజమాన్యమే ఒక అంకె ఎంచుకుని, ఎందుకు ఎంచుకుందో రాసి, సంతకం చేసి పెట్టుకోవాలి. దాన్నే ప్లాంట్ సొంత పరిమితి అంటాం.

అసలు ఇలాంటి అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ఇది తెలియకుండా 50ని తెచ్చి గోడకు అతికిస్తే ఉపయోగం లేదు. ముందు ఆ పదార్థం శరీరంలో మొట్టమొదట దేన్ని దెబ్బతీస్తుందో చూస్తారు. ఎన్-హెక్సేన్ కాలేయంలో మార్పు చెంది 2,5-హెక్సేన్‌డయోన్ అవుతుంది. అది నరం లోపల సన్నటి దారాల్లాంటి ప్రోటీన్లకు అతుక్కుని వాటిని ఒకదానికొకటి ముడివేస్తుంది. ముడిపడిన దారాలు ఒకచోట పేరుకుపోయి నరం ఉబ్బుతుంది. వెన్ను నుంచి పాదం దాకా పోయే నరాలు అన్నింటికన్నా పొడవైనవి కాబట్టి ముందుగా పాదాలే మొద్దుబారతాయి. నీ మనుషులిద్దరూ పాదాలే చెప్పడం అందుకే నన్ను కలవరపెట్టింది. 1960ల్లో జపాన్‌లో ఇళ్లలోనే కూర్చుని చెప్పులకు జిగురు పూసేవాళ్లలో ఈ జబ్బు గుంపులుగా బయటపడింది. ఆ గదుల్లో 500 నుంచి 2,500 పీపీఎం దాకా ఉండేదని అంచనా. 2009 ప్రాంతంలో చైనాలోని సుజౌలో ఫోన్ తెరలను హెక్సేన్‌తో తుడిచే వందమందికి పైగా కార్మికులకూ ఇదే జబ్బు.

తర్వాత, ఎంత మోతాదులో ఆ దెబ్బ కనబడటం మొదలవుతుందో వెతుకుతారు. ఇక్కడ 1980లో అచ్చయిన ఒక జపాన్ అధ్యయనం గురించి నువ్వు తప్పక తెలుసుకోవాలి. టంగ్‌స్టన్ కార్బైడ్ మిశ్రలోహం తయారుచేసే చోట పద్నాలుగు మంది కార్మికులు సగటున 58 పీపీఎం ఎన్-హెక్సేన్, దాంతోపాటు 39 పీపీఎం ఎసిటోన్ పీలుస్తూ సగటున ఆరేళ్లకు పైగా పనిచేశారు. ఎవరూ మంచాన పడలేదు. కానీ పరీక్షిస్తే కాళ్ల నరాల వేగం తగ్గింది, కండరాల బలమూ తగ్గింది. 58 ఎక్కడ, 50 ఎక్కడ? మధ్యలో ఎడం ఎంతుందో నువ్వే చూడు. అందుకే 50ని నేను గమ్యంగా ఎప్పుడూ తీసుకోను. ఏసీజీఐహెచ్ కూడా తన అంకెల గురించి చెప్పేటప్పుడు వీటిని సురక్షితానికీ ప్రమాదానికీ మధ్య గీతలుగా వాడొద్దనే అంటుంది. ‘దాదాపు అందరు’ కార్మికులకు హాని ఉండదన్నది వాళ్ల మాట, అందరికీ అని కాదు.

ఎడం ఎలా లెక్కేస్తారో తెలియడానికి ఒక లెక్క చూపిస్తాను. అమెరికా పర్యావరణ సంస్థ 2005లో సామాన్య జనానికి ఎన్-హెక్సేన్ స్థాయి నిర్ణయించింది. రోజుకు పన్నెండు గంటలు, పదహారు వారాలు ఎలుకలతో పీల్పించిన ప్రయోగం నుంచి, నరాలపై ప్రభావం అప్పుడప్పుడే కనబడే బిందువును గణితంతో తీసింది. అది ఘనమీటరుకు 430 మిల్లీగ్రాములు. జనం ఇరవై నాలుగు గంటలూ పీలుస్తారు కాబట్టి సగం చేసి 215 అంది. ఆపైన ఎలుకకూ మనిషికీ తేడాకు మూడింతలు, మనిషికీ మనిషికీ తేడాకు పదింతలు, పదహారు వారాలకూ జీవితకాలానికీ తేడాకు మూడింతలు, మిగతా సమాచార లోపాలకు మూడింతలు గుణించి, దాదాపు 300 అని తీసుకుని దానితో భాగించింది. వచ్చింది 0.7 మిల్లీగ్రాములు. కార్మికుడి 50 పీపీఎం అంటే 176 మిల్లీగ్రాములు. పసిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు, రోగులు అందరూ ఉండే ఊరికి 0.7, గేటు లోపల 176. పెద్దవాళ్లు, ఆరోగ్యవంతులు, రోజుకు ఎనిమిది గంటలే అన్న ఊహ మీద కార్మికుల అంకెలు నిలబడి ఉన్నాయి. సాధ్యాసాధ్యాల లెక్క కూడా వాటిలో కలుస్తుంది. గేటు దాటి లోపలికొచ్చినంత మాత్రాన మనిషి నరాలు గట్టిపడవు కదా. ఎవరు ఏ అంకె చూపించినా దాని వెనక ఎడం ఎంత పెట్టారని అడగడం అలవాటు చేసుకో.

ఇక మీ పన్నెండు గంటలు. ఎనిమిది గంటలు పీలిస్తే మిగతా పదహారు గంటల్లో శరీరం కొంత బయటికి పంపుకుంటుంది. పన్నెండు గంటలైతే పీల్చేది పెరుగుతుంది, కోలుకునే సమయం తగ్గుతుంది. దీనికి బ్రీఫ్, స్కాలా అనే ఇద్దరు 1975లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడతారు. రోజు లెక్కన 8ని షిఫ్ట్ గంటలతో భాగించి, విశ్రాంతి గంటలను 16తో భాగించి, రెండింటినీ గుణించాలి. పన్నెండు గంటలకు సరిగ్గా సగం వస్తుంది, 50 కాస్తా 25 అవుతుంది. మీకు ఆరు రోజులు కూడా ఉన్నాయి కాబట్టి వారం లెక్క చూడాలి. 40ని 72తో భాగించి, మిగిలిన 96 గంటలను 128తో భాగించి గుణిస్తే 0.42 దగ్గర వస్తుంది. 50కి అది 21 పీపీఎం. యూరప్ వాళ్ల 20తో మొదలుపెడితే 8 వస్తుంది.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది. మీ షిఫ్ట్‌కు ఎన్-హెక్సేన్ సగటు 10 పీపీఎం అని రాసుకోండి. 20 దాటితే ఆ పని ఆపి కారణం వెతకాలి. 10కి 20కి మధ్య వస్తే వారంలోగా ఏదో ఒకటి సరిచేసి మళ్లీ కొలవాలి. ఎవరైనా ఇది మరీ కఠినం అంటే ఆ 58 పీపీఎం మనుషుల సంగతి చెప్పు. వాళ్లకు ఎసిటోన్ కూడా తోడైంది, అది హెక్సేన్ దెబ్బను పెంచుతుంది కదా అని తెలిసినవాళ్లు వాదించవచ్చు. నిజమే. మీ ప్లాంట్‌లోనూ పెయింట్ థిన్నర్లు, మెషీన్లు తుడిచే రసాయనాలు ఏమున్నాయో చూడు. మిథైల్ ఇథైల్ కీటోన్ అయితే ఇంకా ఎక్కువగా పెంచుతుంది, ఆ డబ్బాను ప్లాంట్ దరిదాపులకు రానివ్వకు.

మీరు వాడేది శుద్ధమైన ఎన్-హెక్సేన్ కాదు. ఫుడ్ గ్రేడ్ హెక్సేన్ అంటే ఎన్-హెక్సేన్‌తోపాటు దాని సోదర ఐసోమర్లు (అవే పరమాణువులు, అమరిక వేరు), మిథైల్‌సైక్లోపెంటేన్ లాంటివి కలిసిన మిశ్రమం. ప్రతి ట్యాంకర్‌తో వచ్చే పరీక్షా పత్రంలో ఎన్-హెక్సేన్ వంతు ఎంతో, బెంజీన్ ఎంతో చూసి ఫైల్ చెయ్యి. బెంజీన్ షెడ్యూల్‌లో ఉన్నదే, దానిది వేరే ఘోరం. ఐసోమర్లు 2,5-హెక్సేన్‌డయోన్ కావు కాబట్టి నరాలకు అంత చెరుపు చేయవు. అయినా మత్తు, తలనొప్పి వాటివల్లా వస్తాయి. నయోష్ వాటికి 100 పీపీఎం అంటుంది. కలిపి చూసేటప్పుడు ఒక్కోదాన్ని దాని పరిమితితో భాగించి కూడాలి, మొత్తం ఒకటి దాటకూడదు. ఉదాహరణకు గాలిలో ఎన్-హెక్సేన్ 36, ఐసోమర్లు 24 ఉన్నాయనుకో. 36ను 50తో, 24ను 100తో భాగించి కూడితే 0.96. ఎనిమిది గంటల వాడికి ‘పాస్’. మీ డెబ్బై రెండు గంటల వారానికి అదే గాలి పరిమితికి రెండింతల పైన.

మేనేజర్ చెప్పిన ఎల్ఈఎల్ మీటర్ సంగతి మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. నేను చూసిన ప్లాంట్లలో అన్నింటికన్నా ఎక్కువ అపార్థం ఇక్కడే. ఆ మీటర్ పేలుడు కోసం పెట్టింది, మనిషి కోసం కాదు. హెక్సేన్ ఆవిరి గాలిలో 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం ఉంటే నిప్పంటుకుంటుంది. మీటర్ సాధారణంగా అందులో పది శాతం దగ్గర మొదటి అలారం మోగిస్తుంది. అది 1,100 పీపీఎం. నయోష్ లెక్కలో మనిషి వెంటనే బయటికి పరుగెత్తవలసిన స్థాయి కూడా 1,100 పీపీఎమే. మీటర్ తెర మీద ‘1’ కనబడితే 110 పీపీఎం, అంటే ఎనిమిది గంటల పరిమితికి రెండింతలు, మన 10కి పదకొండింతలు. తెర మీద ‘0’ ఉన్నప్పుడు నీ మనిషి 60 పీలుస్తున్నాడా, 5 పీలుస్తున్నాడా అన్నది ఆ మీటర్‌కు తెలిసే దారే లేదు. కనుక అది మోగకపోవడం షెడ్డు పేలదనడానికి సాక్ష్యం, అంతవరకే. పాదాల గురించి అది ఏమీ చెప్పదు. మేనేజర్‌కు ఈ ఒక్క పేరా చదివి వినిపించు.

పీఐడీ అనే చిన్న మీటర్ అయితే పీపీఎంలలో చూపిస్తుంది, లీకులు వెతకడానికి బాగా పనికొస్తుంది. కానీ దాన్ని ఐసోబ్యూటిలీన్ అనే వేరే వాయువుతో సరిచేసి ఉంటారు. మామూలు 10.6 ఈవీ దీపంతో హెక్సేన్‌ను అది తక్కువ చేసి చూపిస్తుంది. తెర మీది అంకెను నాలుగింతల కంటే కాస్త ఎక్కువ చేస్తే గానీ నిజం రాదు. అద్దెకు తెచ్చినవాడు ఈ మాట చెప్పకపోతే ‘8 పీపీఎం, ఏమీ లేదు’ అని రాసిపోతారు, అక్కడ 34 ఉంటుంది. వాసనను అసలే నమ్మకు. ముక్కు అరగంటలో అలవాటు పడిపోతుంది. పాతవాళ్లకు ప్లాంట్‌లో వాసనే రాదు, కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్‌కే వస్తుంది.

నిజమైన కొలత మనిషి మెడ దగ్గర జరగాలి. కాలర్‌కు చిన్న బొగ్గు గొట్టం తగిలించి, నడుముకు పంపు కట్టి, అతను రోజూ చేసే పనే చేయనివ్వాలి. ల్యాబ్‌కు ‘నయోష్ 1500 పద్ధతి, ఎన్-హెక్సేన్ విడిగా, మొత్తం హైడ్రోకార్బన్లు విడిగా’ అని ఆర్డర్‌లోనే రాయి. ఒక గొట్టంలో నాలుగు లీటర్ల గాలి కంటే ఎక్కువ పట్టదు, ఆపైన లాగితే హెక్సేన్ గొట్టం దాటి పోతుంది. అందుకే పంపును నెమ్మదిగా పెట్టి, షిఫ్ట్‌లో గొట్టాలు మారుస్తూ పోవాలి. పంపు అక్కర్లేని బ్యాడ్జీలు కూడా దొరుకుతాయి, మనలాంటి చోట్ల అవే తేలిక. ఒక్క రోజు కొలిచి ముగించొద్దు. ఒకే పని, ఒకే మనిషి, అయినా రోజుకూ రోజుకూ అయిదారు రెట్లు తేడా రావడం మామూలే. యూరప్ ప్రమాణంలో ఒక మంచి నియమం ఉంది. మూడే కొలతలు ఉంటే మూడూ పరిమితిలో పదో వంతు కంటే తక్కువ ఉండాలి. నాలుగైతే పదిహేను శాతం, అయిదైతే అయిదో వంతు లోపల. అలా రాకపోతే ఆరు లేక అంతకన్నా ఎక్కువ కొలతలు తీసి గణాంకాలతో తేల్చాలి. పరిమితికి కాస్త కింద వచ్చిన ఒక్క కాగితాన్ని పట్టుకుని ‘పాస్’ అనడం ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏ రోజు కొలవాలన్నది కూడా నువ్వే చెప్పాలి, ల్యాబ్ వాళ్లకు తెలియదు. మనవైపు దసరా, దీపావళి నుంచి సోయా వచ్చి పడుతుంది, ప్లాంట్ పూర్తి వేగంతో నడిచే రోజులవి. డిసెంబర్, జనవరి రాత్రి షిఫ్ట్‌లో చలికి షట్టర్లు దించేస్తారు, గాలి కదలదు. హెక్సేన్ ఆవిరి గాలి కంటే దాదాపు మూడింతలు బరువు కాబట్టి కాలువల్లో, పంపుల గుంటల్లో కూర్చుంటుంది. మార్చి తర్వాత ఎండలు ముదిరితే కండెన్సర్ నీళ్లు వేడెక్కి, ఆవిరి చల్లబడక వెంట్ నుంచి ఎక్కువ పోతుంది. ఒక చలి రాత్రి, ఒక ఎండ మధ్యాహ్నం, రెండూ ఉండాలి.

ఎవరిని కొలవాలి? ఇక్కడ నా కళ్లతో చూసింది చెప్తాను. ఒక ప్లాంట్‌లో డీటీ కింద ఒక పిల్లవాడు గంటకోసారి డీఓసీ, అంటే నూనె తీసిన పిండి, శాంపిల్ తీస్తాడు. పొగలు కక్కే పిండిని అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ దగ్గరికి చేర్చి, ముఖం అందులో పెట్టినంత పని చేసి వాసన చూస్తాడు. సాల్వెంట్ మిగిలిందా లేదా అని. పక్కనే మెకానిక్ పంపు సీల్ కింద డబ్బా పెట్టి, అందులో చుక్కచుక్కగా పడిన సాల్వెంట్‌తో చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. గ్రీజు ఎంత శుభ్రంగా పోయిందో చూపించి సంతోషపడ్డాడు. షెడ్డు మధ్యలో గోడకు తగిలించిన శాంప్లర్‌లో ఈ ఇద్దరి మోతాదూ రాదు. మెకానిక్‌ది మెడ దగ్గర గొట్టంలోనూ పూర్తిగా రాదు. హెక్సేన్ చర్మం గుండా కూడా పోతుంది, ఏసీజీఐహెచ్ దానికి చర్మం గుర్తు పెట్టింది. అలాంటివాళ్లకు వారం చివరి షిఫ్ట్ అయిపోగానే మూత్రంలో 2,5-హెక్సేన్‌డయోన్ చూడాలి. ముక్కు నుంచి వచ్చినా చేతి నుంచి వచ్చినా అందులో తేలుతుంది. ల్యాబ్‌కు శాంపిల్‌ను ఆమ్లంతో మరిగించకుండా స్వేచ్ఛగా ఉన్న 2,5-హెక్సేన్‌డయోన్‌ను కొలవమని చెప్పు. మరిగిస్తే ఇతర పదార్థాలు కూడా అదే రూపంలోకి మారి అంకె పెరిగిపోతుంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థకు రాస్తే దారి చూపిస్తారు.

అరచేతి శాంపిల్ మాన్పించడం డబ్బు ఖర్చు లేని పని. పొడవు పిడి ఉన్న చెంచా, మూత ఉన్న సీసా, పరీక్ష ల్యాబ్ గదిలో. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ ఇవ్వాలి. మామూలు రబ్బరు గ్లవ్స్‌లోంచి హెక్సేన్ కొద్దిసేపట్లోనే దిగిపోతుంది. గ్రీజుకు సబ్బు పేస్టు పెట్టి, సీల్ కింది డబ్బా తీసెయ్యి. సీల్ మార్చు. ముఖానికి కట్టిన రుమాలు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. సేంద్రియ ఆవిరికి వేసే కార్ట్రిడ్జ్ మాస్కు అయితేనే పనిచేస్తుంది, అదీ వాసన వచ్చేదాకా కాకుండా గంటల లెక్కన మార్చాలి. అయినా పన్నెండు గంటలు ఎండాకాలం మాస్కుతో ఉండమనడం నాకు ఇష్టం లేదు. అది లీకు బాగుచేసే పావుగంటకు వాడే సరుకు. మిగతా సమయానికి లీకే లేకుండా చేయాలి.

మేనేజర్‌కు చెప్పేటప్పుడు అతని దగ్గరున్న రిజిస్టర్‌తోనే మొదలుపెట్టు. సాల్వెంట్ లాస్ ప్రతి ప్లాంట్‌లోనూ రోజూ రాస్తారు, డబ్బు కాబట్టి. రోజుకు 200 టన్నులు ఆడే ప్లాంట్‌లో టన్నుకు 3 కిలోలు పోతుందనుకో. రోజుకు 600 కిలోల హెక్సేన్ ఎటో పోతోంది. వెంట్ గుండా కొంత, డీఓసీతో కొంత, మిగతాది షెడ్డులోకి. మొత్తం 600 కిలోలనూ 50 పీపీఎం దాకా పలచబరచాలంటే 34 లక్షల ఘనమీటర్ల గాలి కావాలి. అంత గాలి ఏ ఫ్యానూ ఇవ్వదు, అందుకే కారేచోటనే ఆపాలి. డీటీలో ఆవిరి సరిగ్గా ఇవ్వడం, కండెన్సర్ ట్యూబులు కడగడం, వెంట్‌లో పోయే ఆవిరిని నూనెలో పట్టే మినరల్ ఆయిల్ అబ్జార్బర్ నడుస్తోందో లేదో చూడటం, సీల్‌లు, గాస్కెట్‌లు. వీటికి పెట్టిన ఖర్చు సాల్వెంట్ రూపంలో తిరిగి వస్తుంది. అతను పనివాళ్ల కోసం ఒప్పుకోకపోయినా లాస్ తగ్గించడానికి ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు, పాదాలకు జరిగే మేలు ఒకటే. ఈ మార్పులు చేసిన తర్వాత మళ్లీ గొట్టాలు కట్టి కొలిస్తేనే అంకె కదిలిందో లేదో తెలుస్తుంది.

అప్పటికీ కదలకపోతే, తిమ్మిర్లున్న మనుషుల వివరాలతో, నీ కొలతలతో మహారాష్ట్ర పారిశ్రామిక భద్రత, ఆరోగ్య డైరెక్టరేట్‌కు మరాఠీలో రాతపూర్వకంగా ఇవ్వు. ఇచ్చినట్టు ముద్ర వేయించుకో.

మీ సొంత పరిమితిని ఒక పేజీలో రాయండి. ఏ పదార్థం, ఏ అంకె, ఎన్ని గంటలకు, ఏ ఆధారాలతో, ఎంత ఎడం పెట్టారు, దాటితే ఎవరు ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు చూస్తారు. తెలుగులో, మరాఠీలో, బిహార్ నుంచి వచ్చినవాళ్ల కోసం హిందీలో. ఏటా ఒకసారి, సీజన్ మొదలయ్యే ముందు ప్రతి ఒక్కరి కాళ్ల వేళ్ల మీద 128 హెర్ట్జ్ శ్రుతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్) కంపనం తెలుస్తోందో లేదో, మడమ వెనక రిఫ్లెక్స్ ఉందో లేదో డాక్టర్‌తో చూపించి ఆ పేజీకి జతచేయండి. రెండు నిమిషాల పని అది, పోల్చడానికి పాత కాగితం ఉండటమే దాని విలువ.

ఆ పేజీలో కాంట్రాక్టు మనుషుల్ని కూడా చేర్చు. సీజన్ ముగిశాక ఎక్స్‌ట్రాక్టర్ (హెక్సేన్‌తో నూనె తీసే పెద్ద యంత్రం) తెరిచి లోపల గీకే వారం రోజులు ఏడాది మొత్తంలోకీ ఎక్కువ హెక్సేన్ పీల్చే రోజులు, ఆ పనికి వచ్చేది కాంట్రాక్టర్ తెచ్చిన కొత్త కూలీలు. హాజరు పుస్తకంలోనే ఉండరు, ఇక శాంప్లింగ్‌లో ఎక్కడుంటారు? వాళ్లు లోపలికి దిగే ముందు ఆవిరితో కడిగి, బ్లోయర్‌తో గాలి మార్చి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని చూసి, హెక్సేన్‌ను పీఐడీతో అడుగున, మూలల్లో, మిగిలిపోయిన పిండి గడ్డల పక్కన కొలవాలి. ఆ గడ్డలు కదిపినప్పుడల్లా ఆవిరి మళ్లీ లేస్తుంది కాబట్టి పని నడుస్తున్నంతసేపూ కొలుస్తూనే ఉండాలి. 10 కంటే దిగకపోతే బయటి నుంచి గొట్టంతో గాలి అందించే మాస్కు పెట్టి మాత్రమే పంపాలి, తాడు పట్టుకుని బయట ఒకడు నిలబడాలి. బయటివాడు ఏం జరిగినా ఒంటరిగా లోపలికి దూకకూడదని అతనికి ముందే చెప్పి పెట్టు.